కన్నీళ్లొద్దన్న సంఘం

మాచర్ల మహిళా సంఘంలో నీ హోదా ఏమిటని ఎవరైనా అడిగితే సూదీ దారం అని చెప్పేదాన్ని. ప్రెసిడెంటు ఉంది, సెక్రటరీ ఉంది, కోశాధికారి కూడా ఉంది, కోశం మాత్రం లేదు. మేం దూదేకులవాళ్లం. మా నాయనకి బజారులో పరుపులూ దిండ్లూ కుట్టే కొట్టు ఉండేది. సంఘానికి బ్యానర్ కావాల్సి వచ్చింది. కూలి ఇచ్చి కుట్టించుకోవడం కంటే కుట్టేదాన్నే సభ్యురాలిగా చేర్చుకోవడం చవక అని ఎవరికో తట్టింది. స్త్రీల హక్కుల పోరాటంలోకి నేను వచ్చిన దారి అది.

బ్యానర్ ఏ రంగులో ఉండాలనే దాని మీద మీటింగు మీద మీటింగు జరిగింది. ఎరుపు పెడితే ఒక పార్టీ వాళ్లమనుకుంటారు. పసుపు పెడితే ఇంకో పార్టీ. ఆకుపచ్చ అనబోయిన ఒకావిడ నా వంక చూసి నోరు మూసుకుంది. చివరికి ఏ పార్టీకీ, ఏ మతానికీ అక్కర్లేని వంకాయ రంగు ఖాయమైంది. దాని మీద తెల్లగుడ్డతో అక్షరాలు కత్తిరించి కుట్టాను: కన్నీళ్లు వద్దు, హక్కులు కావాలి. హక్కులు సాధించడం సంగతి ఏమో గాని, హక్కులు కుట్టడం కూడా తేలిక కాదు. ఆ ఒత్తు దగ్గర సూది ఎన్నిసార్లు వేలికి దిగిందో నాకు తెలుసు.

మా ప్రెసిడెంటు ఒక ప్లీడరు గారి భార్య. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్తే మీరు నమ్మరు. ఆడపిల్లలకి ఆస్తిలో వాటా అని కొత్తగా చట్టం వచ్చిందని రెంటచింతల నుంచి గురజాల దాకా తిరిగి చెప్పొచ్చింది. నాదెండ్లలో తన పుట్టింటి పొలంలో వాటా మాత్రం అడగలేదు, అన్నదమ్ములతో రాకపోకలు చెడతాయని. "ముందు వాళ్లకి తెలియజేద్దాం అమ్మాయ్, మనది ఎప్పుడైనా చూసుకోవచ్చు" అనేది.

ఆవిడకి ఏడుపు అంటే పడదు. ఆడవాళ్లు తరతరాలుగా వెనకబడి ఉండటానికి కారణం ఏడవటమే అని ఆవిడ సిద్ధాంతం. "కోర్టులో కన్నీళ్లు ఎవడూ లెక్కలోకి తీసుకోడు" అని ప్లీడరు గారు ఇంట్లో ఎప్పుడో అని ఉంటాడు, బహుశా ఆవిడ ఏడుస్తున్నప్పుడే. ఆ మాట పట్టుకుని సంఘంలో తీర్మానం చేయించింది. సంఘం కార్యక్రమాల్లో ఎవరూ కంటతడి పెట్టకూడదు. మా మీటింగుల్లో భర్త కొట్టాడని చెప్పే ఆడవాళ్లు కూడా కళ్లు పైకెత్తి, ఇంటి దూలాలు లెక్కపెడుతున్నట్టు మాట్లాడేవాళ్లు.

మండలాలు వచ్చిన కొత్త అది. కరణాలు అప్పటికే పోయారు. పీడ విరగడైందని ఊళ్లన్నీ సంబరపడ్డాయి. ఏ చేను ఎవరిదో ఆ పీడకి తప్ప మరెవరికీ సరిగ్గా తెలియదని తర్వాత తెలిసొచ్చింది. దాంతో గట్లకి కాళ్లొచ్చాయి. బలం ఉన్నవాడి గట్టు ఏటేటా కాస్త కాస్త పక్క చేలోకి నడిచేది. బలం లేనివాళ్ల గట్లు మాత్రం వెనక్కి వెనక్కి నడిచేవి.

అట్లా గట్టు నడిచిపోయిన మనిషే ఒకనాడు మా కొట్టు మెట్ల మీద కూర్చుంది. మాచర్ల అవతల కొండవారన ఉన్న సుగాలి తండా ఆవిడ. సంతకి కట్టెలమోపు తెచ్చి అమ్ముకుని, ఎండ తగ్గేదాకా మా నీడన కూర్చునేది. సుగాలి ఆడవాళ్ల చేతులకి మోచేయి పైదాకా తెల్లగాజులు ఉంటాయి కదా, ఆవిడ దండచేతులు మాత్రం బోసిగా ఉన్నాయి. గాజులుండిన మేర చర్మం పాలిపోయి ఉంది. భర్త పోతే పైగాజులు తీసేస్తారు వాళ్లలో. ఆయన్ని పాము కరిచింది ఆ ఏడు సంక్రాంతి వెళ్లాక.

మా అమ్మ మంచినీళ్లిచ్చి ఏమైందని అడిగింది.

"చేనుందక్కా మాకు. కొండకింద సర్కారోళ్లిచ్చిన బంజరు. అంతా రాళ్లే. నేనూ మా ఆయనా ఏళ్లతరబడి ఏరినాం. ఆ రాళ్లతోనే గట్టు పోసినాం. ఇప్పుడిప్పుడే జొన్న పండుతావుంది. మా ఆయన పోంగానే పక్క చేను ఆసామి నాగలి పెట్టినాడు. ఏందయ్యా అంటే, సుగాలోళ్లకి పొలమేంది, అందులో ఆడదానికి పొలమేంది అంటాడు."

"ఇప్పుడేం చేస్తావు?" అంది మా అమ్మ.

"తొలకరికి విత్తనం పడాలక్కా. పడిందా, నేనూ నా పిల్లలూ ఈడే ఉంటాం. పడలేదా, పిడుగురాళ్ల సున్నంబట్టీలకి పోవాల. ఇంకేముంది?"

సున్నంబట్టీల నుంచి తిరిగొచ్చినవాళ్ల దగ్గు మా కొట్టుకి వినిపిస్తూనే ఉండేది. మా నాయన దూది ఏకుతూ దగ్గేవాడు గాని అది ఇంకో రకం దగ్గు. బట్టీ దగ్గు లోపలి నుంచి రాయి కదిలినట్టుంటుంది. ఆవిడ చెప్పింది విని నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం సంఘం మీటింగుకి ఆవిడని వెంటబెట్టుకుని వెళ్లాను.

ప్రెసిడెంటు గారు చాలా ఉత్సాహపడింది. మా సంఘానికి అప్పటిదాకా దొరికినవన్నీ ఇంటి గొడవలు. మొగుడు, అత్త, ఆడబిడ్డ, సారా. భూమి గొడవ, అందులోనూ గిరిజన స్త్రీ భూమి గొడవ దొరకడం ఇదే మొదలు. "ఇది చాలా ముఖ్యమైన సమస్య" అని నా చెవిలో అంది, సంతలో మంచి మామిడిపళ్లు కనిపించినట్టు. ఆ ఉత్సాహంలోనే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగింది, ప్లీడరు గారి చేత మాట్లాడించింది. చేను దగ్గరకే వచ్చి, సాగు ఎవరిదో విచారించి, అక్కడికక్కడే తేల్చేలా ఎమ్మార్వోని ఒప్పించింది. ఆవిడని వెక్కిరించడం నాకు తేలికే గాని, ఆ పని నా వల్ల అయ్యేది కాదు.

విచారణ రోజు ఏం చెప్పాలో నేర్పించడానికి ముందుగా తండాకి వెళ్లాం. వేసవి. ఎండకి బండలు పేలుతున్నాయి. తండా నడుమ ఖాళీలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ప్రెసిడెంటు గారు పాఠం మొదలుపెట్టింది. ముందు ఆవిడ అనాలి, తర్వాత వాళ్లు అనాలి.

"అయ్యా, ఈ భూమిని నా భర్తా నేనూ కలిసి సాగు చేసుకున్నాం. దీని మీద నాకు హక్కు ఉంది."

బడిపిల్లల్లా అందరూ అన్నారు. విధవరాలు మాత్రం 'నా భర్త' దాకా వచ్చి ఆగిపోయేది. కళ్లు నిండేవి.

"ఊఁహూఁ. మళ్లీ మొదటినుంచి" అనేది ప్రెసిడెంటు.

మళ్లీ మొదలు. మళ్లీ అక్కడే ఆగడం. ఇట్లా చాలాసేపు జరిగింది. భర్త అనే మాట లేకుండా హక్కు అడిగే వీలుందేమోనని నేను నెమ్మదిగా అన్నాను. కుదరదంది, హక్కు ఆయన నుంచే సంక్రమిస్తుందట.

అప్పుడు తండాలో ఒక పెద్దావిడ కల్పించుకుంది. "మాలో మనిషి పోయినాక, కావలసినోళ్లు మొదటిసారి ఎదురుపడితే మెడ పట్టుకుని ఏడ్చి గాని మాట్లాడం మేడం గారూ. ఏడవకుండా మాట్లాడితే పోయినోణ్ని మరిచిపోయినట్టు."

ఇదేదో సుగాలీల వింత ఆచారం అన్నట్టు ప్రెసిడెంటు తల పంకించింది. నాకు నవ్వొచ్చింది. మా వీధిలో, వాళ్ల వీధిలో, నరసరావుపేట దాకా ఏ ఊళ్లో చూసినా ఇదే కదా. చావు పలకరింపుకి వెళ్లిన ఆడవాళ్లు ముందు వాటేసుకుని శోకం పెట్టి, తర్వాతే కూర్చుంటారు. పలకరింపు కాకుండా దారిలో ఎదురుపడి నవ్వి మాట్లాడారంటే ఆ ఇంటితో పొత్తు తెగిపోయినట్టే. సుగాలోళ్లది కాస్త పాటలా సాగుతుంది, మనవాళ్లది కాస్త మాటలా సాగుతుంది, అంతే తేడా.

"కావలసినవాళ్లతో ఏడవండి, నేనొద్దన్నానా?" అంది ప్రెసిడెంటు. "ఎమ్మార్వో మీకు చుట్టం కాదుగా."

విధవరాలు కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మరి ఆ పెద్దమ్మ వస్తే?"

"ఏ పెద్దమ్మ?"

"ఆసామి తల్లి. మేం రాళ్లేరేటప్పుడు మజ్జిగ పోసేది మాకు. మా ఆయన్ని కొడుకా అనేది. ఆయన పోయినాక ఇంకా ఎదురుపడలా."

"ఆమె అవతలి పక్షం" అంది ప్రెసిడెంటు. "ఆమె ముందు అసలే ఏడవకూడదు. అలుసైపోతాం. నాకు మాటివ్వు."

ఆవిడ మాటిచ్చింది. ఎంత బాధగా ఇచ్చిందో నేను చూశాను.

విచారణ రోజు ఎమ్మార్వో గారు జీపులో భార్యతో సహా దిగాడు. మా విచారణ కాగానే అటునించటే ఎత్తిపోతల జలపాతం చూపిస్తానని ఆవిడకి మాటిచ్చి తీసుకొచ్చాడట. నడివేసవిలో ఎత్తిపోతల దగ్గర నీళ్ల కంటే బండలే ఎక్కువ కనిపిస్తాయని చెప్పే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేకపోయింది. ఆవిడ టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని జీపులోనే కూర్చుంది. ఆయన గడియారం చూసుకుంటూ చేలోకి వచ్చాడు.

మేం ఒక పక్క నిలబడ్డాం. ప్రెసిడెంటు, నేను, తండా ఆడవాళ్లు. బ్యానర్ ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస తండా పెద్దావిడ చేతికిచ్చాం. అవతల పక్క ఆసామి, ఆయన వైపు రైతులు కొందరు. ఆసామి తెలివైనవాడు. మా సంఘం గురించి విని ఆయన కూడా పాఠం నేర్చుకున్నాడు. వాళ్లు ఆడవాళ్లని తెస్తున్నారు గదా, మనవైపు కూడా ఒక ఆడమనిషి ఉండాలి అనుకున్నాడు. తల్లిని తీసుకొచ్చాడు. నెత్తి మీద మజ్జిగ కుండతో సహా తెచ్చాడు, అధికారికి మర్యాద కూడా జరుగుతుందని. ఆవిడ చెప్పాల్సింది ఒకటే మాట. మాదే అని.

మా ఆవిడ, అంటే ఆ తండా విధవరాలు, ముందుకొచ్చి పాఠం అప్పజెప్పింది. "అయ్యా, ఈ భూమిని నా..." అని ఆగింది. కొంగు పళ్ల మధ్య పెట్టి గట్టిగా కొరికింది. మాట ఇచ్చింది గదా. తర్వాత ఒక్క గుక్కలో మిగతాది అనేసింది. ఎమ్మార్వో తలెత్తి కూడా చూడలేదు. పైగా ఏడవకుండా, బెదరకుండా చెప్పేసరికి, బాగా నేర్పించి తెచ్చారని ఆయనకి తెలిసిపోయింది. నిజంగా నష్టపోయిన మనిషి ఇట్లా ఉంటుందా అన్నట్టు పెదవి విరిచాడు.

ఆసామి అందుకున్నాడు. "నా తాత నాటి నుంచి మాదేనండీ ఇది. ఈ రాళ్లన్నీ మా జీతగాళ్ల చేత ఏరించిందే. కావాలంటే మా అమ్మనడగండి. ఆమె చూస్తుండగా ఏరించా."

ఎమ్మార్వో ముసలావిడ వైపు తిరిగాడు. "ఏమమ్మా, ఈ చేను ఎవరు సాగు చేశారు?"

ఆవిడ ఆయన్ని చూడటం లేదు. మా ఆవిడ చేతుల్ని చూస్తోంది. మోచేతి పైన గాజుల్లేని ఆ పాలిపోయిన మేరని చూస్తోంది. మజ్జిగ కుండ నెత్తి మీద నుంచి దించి నేల మీద పెట్టింది. సరిగా పెట్టలేదు, అది ఒరిగి మజ్జిగంతా పోయింది. నడుచుకుంటూ మా పక్షానికి వచ్చేసి మా ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది.

"నా అయ్యా!" అని ఒక్క కేక పెట్టింది.

మా ఆవిడ కొంగు నోట్లోంచి జారిపోయింది. ఇచ్చిన మాటా దానితోనే పోయింది. ఇద్దరూ ఆ గట్టు మీద కూలబడ్డారు. ఈవిడ తన భాషలో రాగం తీసింది. యాడీ, యాడీ అనే మాట తప్ప నాకు అర్థం కాలేదు, అమ్మా అని దానర్థం. ఆవిడది మాత్రం అచ్చమైన మన పల్నాటి శోకం. చెయ్యి గట్టు మీద కొడుతూ, ఊగుతూ, ఒక్కొక్క మాటా సాగదీస్తూ.

"రాళ్లేరి రాళ్లేరి గట్టు పోస్తివి గదరా నా అయ్యా... నీ చేతులు బొబ్బలెక్కె గదరా నా అయ్యా... దోసిట్లో మజ్జిగ పోస్తే చల్లగుంది పెద్దమ్మా అంటివి గదరా... వాగు పొంగిన్నాడు నన్ను వీపున మోసి దాటిస్తివి గదరా నా అయ్యా... నువ్వు పోతే నన్ను నీ గడప తొక్కనియ్యలేదు గదరా... నీ మట్టిలో నా కొడుకు నాగలి పెట్టె గదరా నా అయ్యా... నేనే మొహం పెట్టుకుని మజ్జిగ తెద్దునురా..."

ఆయన పోయినప్పుడు తండాకి వెళ్లి పలకరిస్తానని ఆవిడ అంటే, సుగాలోడి చావుకి మనం పోయేదేందని కొడుకు ఆపేశాడట. ఆ ఏడుపు అప్పట్నుంచీ ఆవిడ కడుపులోనే ఉంది. ఆ సంగతి కొడుక్కి గుర్తు లేదు. మగవాళ్లకి ఇట్లాంటివి గుర్తుండవు.

"అమ్మా, ఏందే ఇది? లే, లే" అని భుజం పట్టుకున్నాడు ఆసామి. ఆయన వైపు నిలబడ్డ రైతుల్లోనే ఒక పెద్దమనిషి కసిరాడు. "ఒరేయ్, శోకం అయినియ్యరా! మధ్యలో లేపుతావా, మర్యాద లేకుండా?" ఆసామి చెయ్యి తీసేశాడు. చావు ఏడుపుని మధ్యలో ఆపిన మగవాణ్ని నేను మా సీమలో చూడలేదు. కత్తులు దూసుకునే ముఠాల వాళ్లు కూడా ఆ కాసేపు తలపాగా తీసి పక్కన నిలబడతారు.

ఎమ్మార్వో కూడా నిలబడిపోయాడు. గడియారం చూడటం మానేశాడు. జీపులోంచి ఆయన భార్య దిగి వచ్చి, ఎవరు పోయారు అని నన్ను అడిగి, నేను చెప్పేలోపే కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. తండా ఆడవాళ్లందరూ ముసుగులు దించి రాగం కలిపారు. బ్యానర్ అవతలి కొస పట్టుకున్న పెద్దావిడ దాంతోనే ముక్కు తుడుచుకుంది. కన్నీళ్లు వద్దు అని అంత పెద్ద అక్షరాలతో నేను కుట్టింది వాళ్ల వెనక గాలికి ఊగుతోంది.

"ఏడవొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాం గదా!" అని ప్రెసిడెంటు పళ్లు నూరింది నా పక్కన. "చేజేతులా పాడు చేసుకుంటున్నారు."

శోకం దానంతటది సన్నగిల్లింది. ముక్కులు చీదడాలు అయ్యాయి. ఎమ్మార్వో గొంతు సవరించుకుని, ఈసారి మెత్తగా అడిగాడు.

"అమ్మా, ఈ గట్టు పోసిందెవరు?"

ముసలావిడ విసుక్కుంది. "ఇంకెవరయ్యా, పోయినోడే. ఇందాకట్నుంచీ అదేగా చెప్తున్నా."

ఆసామి అడ్డొచ్చాడు. "ఏడుపులో చెప్పింది సాక్ష్యమేందండీ!"

"ఏమయ్యా, మీ అమ్మ శోకంలో అబద్ధాలు చెప్పిందంటావా?" అన్నాడు ఎమ్మార్వో.

ఆసామి నోరు తెరిచాడు. ఆయన వైపు రైతులంతా ఆయన మొహమే చూస్తున్నారు. ఔనంటే చచ్చినవాడి మీద తల్లి దొంగేడుపు ఏడ్చిందని అన్నట్టు. అంతకంటే పెద్ద తిట్టు మా పక్కన లేదు, వెనకటికి అంత మాటకే తలలు తెగిన ఊళ్లు ఇవి. కాదంటే చేను పోతుంది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే కాసేపు ఉండి మూసుకున్నాడు. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది, బ్యానర్ కర్ర చేతిలో ఉండి ఊరుకున్నాను.

సాగు ఆమెదే, ఈ తొలకరికి ఆమే విత్తుకుంటుంది, కాగితం కూడా ఆమె పేరు మీదే రాయిస్తా అని అందరి ముందూ చెప్పి ఎమ్మార్వో జీపెక్కాడు. ఎత్తిపోతలలో నీళ్లు చూశారో బండలు చూశారో నాకు తెలియదు. ఏడ్చి ఏడ్చి ఆయన భార్య మొహం వాచిపోయింది గాని, మంచి జలపాతం చూసిన దానికంటే తృప్తిగానే కనిపించింది.

తొలకరి పడింది. విత్తనం పడింది. మా ఆవిడ సున్నంబట్టీకి పోలేదు.

సంఘం విజయోత్సవ సభ పెట్టింది. ఉతికి ఇస్త్రీ చేసిన బ్యానర్ వేదిక మీద కట్టారు. కన్నీళ్లకు తావివ్వకుండా, హక్కుల చైతన్యంతో సాధించిన విజయం ఇది అని ప్రెసిడెంటు గారు మైకులో చెప్పింది. చప్పట్లు కొట్టారు. అక్కడ జరిగింది చూసిన తండా ఆడవాళ్లు కూడా కొట్టారు, మైకులో చెప్పింది తప్పవుతుందా అని. తర్వాత మా ఆవిడని మాట్లాడమన్నారు. ఆవిడ మైకు ముందు నిలబడి జనం అంతా కలయజూసి అడిగింది.

"ఆ పెద్దమ్మ యాడ? పిలవలేదా?"

ప్రెసిడెంటు మెల్లగా చెప్పింది, ఆమె ఆసామి తల్లి, అవతలి పక్షం అని.

"ఆమెని కొడుకు ఇంట్లోకి రానియ్యట్లేదు మేడం గారూ. మంచం తీసుకెళ్లి గొడ్లచావిట్లో పడేసినాడు. కోడలు గోడ మీదుగా అన్నం పెడతావుంది."

"అది వాళ్ల ఇంటి గొడవమ్మా. తర్వాత చూద్దాం" అంది ప్రెసిడెంటు. అంతవరకూ ఇంటి గొడవలు తప్ప వేరే దొరక్క ఏడ్చిన సంఘం, ఆ రోజు భూమి గొడవ గెలిచినందుకు ఇంటి గొడవని చిన్నచూపు చూసింది. నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. మా ఆవిడ వేదిక దిగి, చెప్పులేసుకుని తండాకి వెళ్లిపోయింది.

సంగతి ప్రెసిడెంటు మనసులో కూడా గుచ్చుకున్నట్టుంది. జొన్న కంకులు పాలుపోసుకునే కాలంలో ఒకనాడు మా కొట్టుకొచ్చి, "ఆ ముసలావిడ చేత కొడుకు మీద కేసు వేయిద్దాం అమ్మాయ్. తల్లిని పోషించే బాధ్యత చట్టంలో ఉంది. పద" అంది. మంచి మనిషి అని నేను ముందే చెప్పాను. బ్యానర్ కూడా తెమ్మంది. అలవాటు.

గొడ్లచావిట్లో ఆవిడ లేదు. చేలో ఉందన్నారు. ఎవరి చేలో అంటే కోడలు అటు తిరిగి కొండవైపు చెయ్యి చూపించింది.

వెళ్లి చూస్తే జొన్న మనిషెత్తు పెరిగి ఉంది. చేను మధ్య మంచె. మంచె మీద ఆసామి తల్లి. కొంగు నడుముకి బిగించి, వడిసెల తిప్పి రాళ్లు విసురుతూ, "హోయ్... హోయ్..." అని పిట్టల్ని అదిలిస్తోంది. మా ఆవిడే తీసుకొచ్చి కూర్చోబెట్టిందట. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం జొన్నరొట్టె. తండాలో ఒక గుడిసె వార పడక. సుగాలోళ్ల చేతి తిండి తింటున్నానని మొదట్లో రెండు రోజులు కడుపు తిప్పిందట, తర్వాత ఆకలి ఆ తిప్పుడు మాన్పించిందట. ఆవిడే నవ్వుతూ చెప్పింది.

పక్క చేలో ఆవిడ కొడుకు. ఆయన జొన్నకి మంచె లేదు, కాపలా లేదు. ఏటా కాపలా కాసేది తల్లే మరి. చేలో అటూ ఇటూ తిరుగుతూ, కండువా విసురుతూ తనే అవస్థ పడుతున్నాడు. ఈ చేలో అదిలిస్తే లేచిన పిట్టలన్నీ ఆయన చేలోనే వాలుతున్నాయి.

ప్రెసిడెంటు మంచె కింద నిలబడి కేసు సంగతి అంతా వివరంగా చెప్పింది. సంఘం అండగా ఉంటుందంది. ముసలావిడ ఒక చెవి ఇటు పెట్టి, కళ్లు కంకుల మీదే ఉంచి విన్నది.

"కేసు ఎందుకులే అమ్మా" అంది చివరికి. "వాడి మొహం నేనెట్టా చూసేది కోర్టులో? ఆ గుడ్డేదో ఉంది గదా మీ దగ్గర, అదిచ్చిపోండి. పైన కట్టుకుంటా. ఎండ చానా కొడతావుంది."

బ్యానర్ ఇచ్చేశాం. నేనే ఎక్కి మంచె గుంజలకి కట్టాను. అక్షరాలు ఆసామి చేను వైపు పడ్డాయి. కావాలని కట్టలేదు, ఎండ అటునుంచి ఉంది. నేను కట్టి దిగుతుండగా ఆవిడ వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరింది. ఆ రాయి మా నెత్తి మీదుగా, గట్టు దాటి, వెళ్లి కొడుకు జొన్నలో పడింది. అక్కడ వాలిన పిట్టలన్నీ గుంపుగా లేచిపోయాయి. ఆయన ఆగి ఇటు చూశాడు.

"అది మీ అబ్బాయి చేనమ్మా. పొరపాటున అటు పడింది" అన్నాను.

"పొరపాటేంది? వాడికి వడిసెల పట్టటం రాదు. చిన్నప్పట్నుంచీ రాదు" అంది ఆవిడ, ఇంకో రాయి ఏరుకుంటూ. "ఒరేయ్, మధ్యలోకి రామాక, తగిలిద్ది! ఆ పక్కకి పో!"

ఆయన తల దించుకుని పక్కకి జరిగాడు. రెండో రాయి కూడా గట్టు దాటి వెళ్లింది. నేను ప్రెసిడెంటు గారి వైపు చూశాను. ఆవిడ కళ్లు పైకెత్తి, దూలాలేమీ లేని ఆకాశంలోకి చూస్తోంది. కాసేపు అట్లాగే నిలబడి, ఇంక లాభం లేదని కొంగు తీసుకుని బాహాటంగా ఏడ్చేసింది.